పచ్చ కింద పచ్చ

"బ్రేక్ నేనే ఎయ్యలే మేడం. రాఘవేందర్ సావు నా మీదనే రాసుకోమనున్రి."

హనుమాండ్లు ఆ మాట అనడం అది మూడోసారి. మూడుసార్లూ అదే గొంతు, అదే వరస. సైన్యంలో చాలా ఏళ్లు ట్రక్కులు నడిపి వచ్చినవాడు కనక ఏది చెప్పినా కవాతు చేసినట్టే చెబుతాడు. కానీ అబద్ధానికి కవాతు నేర్పే పరేడు గ్రౌండు ఇంకా ఎక్కడా కట్టలేదు. అందుకే అతని మాటలో అడుగు తప్పుతోందని ఛాయాదేవికి అనుమానం.

ఛాయాదేవిది అమీర్‌పేట. అక్కడి కంప్యూటరు కోచింగ్ సెంటర్ల గుంపులో, ఒక మేడ మీద ఆమె డిటెక్టివ్ ఆఫీసు. కింది అంతస్తులో జావా, పై అంతస్తులో జవాబు. అంతకుముందు రవాణా శాఖలో మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా వేల బండ్ల కింద దూరి లేచింది. బండి కింద దూరిన మనిషికి బండివాడి మొహం కంటే బండి మొహమే నిజం చెబుతుందని తెలిసిపోతుంది. ఇవాళ మాత్రం ఆమె ఎదుట బండి లేదు. పోలీస్ స్టేషను బెంచీ మీద ఒక ముసలి డ్రైవరు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విజయేందర్.

జరిగింది చిన్న ముక్కల్లో చెప్పాలంటే ఇది. సైన్యం వాడి వదిలేసిన ట్రక్కులు రెండింటిని హనుమాండ్లు వేలంలో జంటగా కొన్నాడు. ఒకదాన్ని స్పేరు పార్టుల కోసం యూసుఫ్‌గూడలో ఒక ఖాళీ జాగాలో పడేసి, రెండోదాన్ని సివిల్ రిజిస్ట్రేషన్ చేయించి సినిమా షూటింగులకు అద్దెకిస్తున్నాడు. పంజగుట్ట వెనక వాలు సందులో అతని ఇల్లు, ఇంటిని ఆనుకుని యార్డు. ఇవాళ తెల్లవారుజామున యార్డులోంచి పెద్ద చప్పుడు. వెళ్లి చూస్తే ట్రక్కు వెనక్కి జారి ఉంది. ట్రక్కుకూ గోడకూ మధ్య మెకానిక్ రాఘవేందర్. సైన్యం నుంచీ హనుమాండ్లుతోనే ఉన్న మనిషి.

"రాత్రి బండి ఎన్నింటికి తెచ్చారు హనుమాండ్లు గారూ?"

"తొమ్మిదైతుండొచ్చు. షూటింగ్ అయినంక."

"పచ్చ రంగుతోనే తెచ్చారా?"

హనుమాండ్లు తల దించుకున్నాడు. ఆ ప్రశ్న అతనికి చావు వార్త కంటే తక్కువేం కాదు. మిలటరీ పచ్చ రంగు ప్రైవేటు బండికి వేసి రోడ్డెక్కకూడదు, అది నిషిద్ధం. అందుకే రిజిస్ట్రేషన్‌కి ముందు అతను బండికి ఇటుక రంగు వేయించాడు. షూటింగ్ రోజు లొకేషన్లో దాని మీద నీళ్ల డిస్టెంపరు పచ్చ పూస్తారు. ప్యాకప్ అనగానే బకెట్లతో కడిగేసి, మళ్లీ ఇటుక రంగులోకి వచ్చాకే గేటు దాటిస్తారు. ఇన్నేళ్లలో హనుమాండ్లు కడగకుండా రోడ్డెక్కింది లేదు.

"మొదటిసారి మేడం. తార్పాలిన్ కప్పి తెచ్చిన. తెల్లారి సుత షూటింగ్ ఉన్నది, కడగొద్దన్నరు."

"అన్నరంటే ఎవరు?"

అడిగిన ప్రశ్న చిన్నది. జవాబు మాత్రం హనుమాండ్లు నేల వైపు చూస్తూనే చెప్పాడు.

"ప్రమోద్ సార్. సినిమా ప్రొడక్షన్ మేనేజర్."

తలుపు దగ్గర నుంచి విజయేందర్ ముందుకొచ్చాడు. పోయినేడాది ఒక బీమా కేసులో ఛాయాదేవి అతని రిపోర్టును తలకిందులు చేసింది. అప్పటినుంచీ ఆమె కనిపిస్తే అతనికి ఒళ్లంతా మర్యాద పుట్టుకొస్తుంది.

"మేడం గారికి ఛాయ్ తెప్పియ్యాల్నా? పేరుల్నే ఉన్నది గదా."

"ఛాయ్ వద్దు సీఐ గారూ. మీ రిపోర్టులోనే బోలెడు నీళ్లున్నాయి."

"రిపోర్టుల ఏమున్నదో నేనే చెప్త. అది గాలి బ్రేకుల బండి. రాత్రంత గాలి లీకైంది, బ్రేక్ లూజైంది. ముసలాయన చక్రం కింద రాయి సక్కగ పెట్టలే. బండి జారింది, మనిషి పోయిండు. మీదికెల్లి పచ్చ రంగుతోని రోడ్డెక్కిండు. సాయంత్రం లోపల మేజిస్ట్రేట్ ముందల నిలవెడ్త. ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యల మీకేం ఫికర్?"

"గాలి లీకైతే బ్రేకు వదులవుతుందని మీకెవరు చెప్పారు?"

"అందరికి తెల్సు గది."

"అందరికీ తెలిసినవాటిలో సగం గాలి కబుర్లే. బండి చూపిస్తారా?"

విజయేందర్ టోపీ తీసుకున్నాడు. ఆమె తప్పు అని తేలడం కళ్లారా చూడాలని అతనికీ ఉంది.

హనుమాండ్లు మాత్రం లేచి నిలబడ్డాడు. "మేడం, నా బిడ్డ మిమ్మల్ని పిలిచింది గని, నేను పిలువలే. బండి సూడకున్రి. ఇడ్సిపెట్టున్రి."

నిర్దోషి అనిపించుకునే దారి దొరుకుతోందంటే వద్దనే మనిషిని ఛాయాదేవి తన సర్వీసులో చూడలేదు.

*

యార్డు గేటు తాళం తీసింది హనుమాండ్లు కూతురు సుకన్య. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఈ తాళం చెవులు ఎవరెవరి దగ్గరుంటాయమ్మా?"

"నాన్న దగ్గర ఒకటి, తమ్ముడు రిషి దగ్గర ఒకటి. ఇది నాన్నదే, పొద్దుగాల నాకిచ్చిపోయిండు."

"రిషి ఏడి?"

"నిన్న పొద్దుమీకి విజయవాడ పోయిండు మేడం, దోస్తు పెండ్లికి. ఫోన్ కలుస్తలేదు. రాఘవేందర్ కాకా పోయిండని ఆనికెట్ల చెప్పాల్నో. ఆణ్ని ఎత్తుకొని పెంచిండు."

ట్రక్కు పచ్చగా, నిబ్బరంగా నిలబడి ఉంది. శవాన్ని తీసుకెళ్లడానికి పోలీసులు దాన్ని కాస్త ముందుకు తోసి, నాలుగు చక్రాలకూ రాళ్లు అడ్డం పెట్టారు. నంబరు ప్లేటు మీద హనుమాండ్లు బండి నంబరే. గోడ మీద మరక దగ్గర ఒక చెప్పు మిగిలింది. వెనక ఇరుసు కింద జాకీ. జాకీకి కాస్త పక్కగా, కావాలని జరిపినట్టు, ఒక పెద్ద రాయి. పక్కనే రాఘవేందర్ పనిముట్ల సంచీ, అందులో సీలు విప్పని అట్టపెట్టె. ఛాయాదేవి దాన్ని తీసి చూసింది. కొత్త బ్రేకు లైనర్లు. చక్రాన్ని ఒరుసుకుని పట్టి ఆపేవి అవే. పెట్టె చంకలో పెట్టుకుని ఆమె బండి కిందికి వంగింది.

"సీఐ గారూ, మీరూ వంగండి. చట్టం ముందు అందరూ సమానమే, చక్రం ముందు కూడా."

విజయేందర్ వంగాడు. మర్యాద కొద్దీ కాదు, పంతం కొద్దీ.

"వెనక చక్రం దగ్గర ఈ డబ్బా చూడండి. దీని లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది. చక్రాన్ని పట్టి ఉంచేది ఆ స్ప్రింగు. గాలి వచ్చి దాన్ని వెనక్కి నెడితేనే చక్రం వదులవుతుంది. అంటే గాలి పోతే బండి జారదు, బిగుసుకుపోతుంది. మీరు రాసింది సరిగ్గా తలకిందులు."

"మరెట్ల జారింది?"

"డబ్బా వెనక ఈ బోల్టు. దీన్ని తిప్పితే స్ప్రింగు ముడుచుకుపోతుంది, ఇక బ్రేకే ఉండదు. రెండు పక్కలా తిప్పేశారు. మర మీద తుప్పు రాలి తళతళలాడుతోంది, అంటే నిన్నో రాత్రో చేసిన పని. ఇలా ఎప్పుడు చేస్తారో తెలుసా? నడవని బండిని ఇంకో బండితో ఈడ్చుకురావాల్సి వచ్చినప్పుడు."

విజయేందర్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "బాగున్నది కత. రాత్రి ముసలాయన నడిపి తెచ్చిన బండి నడవని బండెట్లయితది?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఛాయాదేవి జాకీ దగ్గర జరిగి ఉన్న రాయి వైపు తిరిగింది. ఆమె నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే చమత్కారం ఆ క్షణాన రాలేదు.

"రాఘవేందర్ మంచి మెకానిక్. గాలి లేని బండి కొండలా కదలదని అతనికి తెలుసు. ఆ నమ్మకంతోనే జాకీకి అడ్డొస్తోందని రాయి పక్కకి జరిపాడు. పని రానివాడైతే భయపడి రాయిని అలాగే ఉంచేవాడు, బతికేవాడు."

సుకన్య గోడవైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొళాయి దగ్గర ఒక గుడ్డ ఆరేసి ఉంది. ఛాయాదేవి దాన్ని నీళ్లలో ముంచి ట్రక్కు తలుపు మీద రుద్దింది. షూటింగు డిస్టెంపరు అయితే గుడ్డకి పచ్చ అంటాలి, కింద ఇటుక రంగు తేలాలి. దుమ్ము వచ్చింది. పచ్చ రాలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. రంగు కదల్లేదు.

తాళం చెవితో గీరింది. పచ్చ కింద పచ్చ. ఆ కింద లోహానికి పూసే ఎర్ర ప్రైమరు, ఆ కింద ఇనుము. ఇటుక రంగు ఎక్కడా లేదు.

"సుకన్యా, మీ బండికి ఇటుక రంగు వేయించింది ఎప్పుడు?"

"కొన్న కొత్తల్నే మేడం. గది ఎయ్యకుంటే రిజిస్ట్రేషన్ కాదు గద."

"మరి ఈ బండికి జన్మలో ఆ రంగు పడలేదు. సైన్యం వేసిన పచ్చే, సైన్యం మీద సైన్యం. సీఐ గారూ, ఆ బానెట్టు పట్టండి."

ఇద్దరూ కలిసి బానెట్టు ఎత్తారు. ఇంజను ఉండాల్సిన చోట యార్డు నేల కనిపించింది. తెగ్గొట్టిన గొట్టాలు, వేలాడే వైర్లు, వాటి మధ్య ఒక ఎండిన పిచ్చుక గూడు.

సుకన్య ముందుకొచ్చి లోపలికి తొంగి చూసింది.

"గిది మా స్పేర్ల బండి. యూసుఫ్‌గూడల ఉండాలె గద. ఈడికెట్లొచ్చింది?"

"ఈడ్చుకొస్తే వచ్చింది. నంబరు ప్లేటు మార్చారు. మనుషులు ప్లేటు ఫిరాయించడం చూశాం, ఇప్పుడు బండి ఫిరాయించింది. రాత్రి మీ నాన్న తెచ్చిన అసలు బండి, పూసిన పచ్చ రంగుతోనే, మిలటరీ బండిలా ఎటో వెళ్లిపోయింది. ఎవరికీ వెంటనే అనుమానం రాకూడదని దాని స్థానంలో ఈ డొల్లను నిలబెట్టారు. రాఘవేందర్‌ని చంపాలని ఎవరూ అనుకోలేదు. డొల్ల కింద దూరతాడనీ అనుకోలేదు."

విజయేందర్ మొహంలో రంగులు మారాయి. వాటికి మాత్రం ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కానీ పోలీసువాడిగా అతను మొద్దు కాదు.

"మిలటరీ బండంటే చెక్‌పోస్టుల ఎవడు ఆపడు. తార్పాలిన్ లేపి ఎవడు చూడడు."

"అందుకే కదా ఆ వేషం. అందుకే కదా కడగొద్దని చెప్పింది. ఇటుక రంగుకి కడిగేసి ఉంటే, పొద్దున్నే ఈ పచ్చ డొల్లను చూడగానే గుట్టు రట్టయ్యేది. పంజగుట్టలో ఏ గుట్టూ అంతసేపు ఆగదు."

అతను అప్పటికే ఫోను తీశాడు. జిల్లా దాటే దారులన్నిటికీ ఒకటే మాట వెళ్లింది: పచ్చ మిలటరీ ట్రక్కు, ఎక్కడ కనిపిస్తే అక్కడ రోడ్డుకి అడ్డం పెట్టి ఆపండి.

*

స్టేషనుకు తిరిగి వస్తూ జీపులోంచే ఛాయాదేవి ప్రొడక్షన్ మేనేజర్ ప్రమోద్‌కి ఫోను చేసింది. కృష్ణానగర్‌లో ఏదో హోటల్లో ఉన్నాడు, వెనక పళ్లేల చప్పుడు.

"ఇవాళ మీ షూటింగ్ ఎక్కడండీ?"

"ఇవాళ షూటింగ్ ఏంటండీ? నిన్న సాయంత్రమే గుమ్మడికాయ కొట్టేశాం. సినిమా అయిపోయింది."

"హనుమాండ్లు గారికి బండి కడగొద్దని మీరు చెప్పలేదా?"

"ఆయనతో నేనెప్పుడు మాట్లాడానండీ? మొదటినుంచీ బేరం, డేట్లు అన్నీ వాళ్లబ్బాయి రిషితోనే. కడగొద్దని మా వాళ్లు చెప్పడమేంటి? నిన్న బకెట్లు తెచ్చిన మావాడిని రిషే వెనక్కి పంపేశాడట."

ఛాయాదేవి ఫోను పెట్టేసి, ఒళ్లో ఉన్న అట్టపెట్టెను చూసుకుంది. తండ్రి ఎందుకు తప్పు నెత్తిన వేసుకుంటున్నాడో ఇప్పుడు తెలిసింది. తెలియకపోయినా బాగుండుననిపించింది. తండ్రిని విడిపించమని కూతురు పిలిపించింది. విడిపించే తాళం చెవి కొడుకు జేబులో ఉంది.

హనుమాండ్లు అదే బెంచీ మీద, అదే నిటారుతనంతో ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. విజయేందర్ నిలబడే ఉన్నాడు, ఈసారి చేతులు కట్టుకోలేదు.

"పొద్దున యార్డులోకి రాగానే అది మీ బండి కాదని తెలిసింది కదా?"

"కండ్లు సక్కగ కనవడలే మేడం."

"కళ్లు అక్కర్లేదండీ. మీ బండిని మీరు చీకట్లో చేత్తో తడిమి చెప్పగలరు. చూశారు, తెలుసుకున్నారు, సీఐ గారు వచ్చేలోపల బ్రేకు నేనే వేయలేదని కథ అల్లుకున్నారు. రెండో తాళం చెవి ఎవరిదో మీకు తెలుసు."

"దొంగలెత్కపోయిండ్రు."

"ప్రమోద్ గారితో మాట్లాడాను."

హనుమాండ్లు కళ్లు మూసుకున్నాడు. "రాఘవేందర్ ఎట్లాగూ పోయిండు. నేను సుత ముసలోణ్నే, జైల్ల ఉంటే ఏంది, బయట ఉంటే ఏంది. ఆనికి ముందల మస్తు బతుకున్నది. రాసుకోమనున్రి మేడం. దండం పెడ్త."

ఇంతకాలం ఏ అబద్ధాన్నైనా ఎగతాళి చేసి పడగొట్టడం ఛాయాదేవికి అలవాటు. ఈ అబద్ధం మీద ఆమెకు ఒక్క విసురు కూడా దొరకలేదు. అట్టపెట్టెను తీసి మెల్లగా అతని ఒళ్లో పెట్టింది.

"ఇది రాఘవేందర్ సంచీలో ఉంది. సీలు కూడా విప్పలేదు."

అతను కళ్లు తెరిచి పెట్టెను చూశాడు. దాని మీద రాసి ఉన్నది వేలితో తడుముతూ చదివాడు. వేలు ఆగిపోయింది.

"గివి ఎయ్యలేదా?"

"ఎప్పుడు వేయాలి?"

"షూటింగ్‌కు ముందలనే ఎయ్యమన్న. ఏసినా అన్నా, ఫికర్ చెయ్యకు అన్నడు." గొంతులో కవాతు ఒక్కసారిగా చెదిరిపోయింది. "సామాను దొరకక అబద్ధమాడినట్టుండు. పొద్దుగాల నాకు తెల్వకుంట ఏద్దామని గోడ దుంకి వచ్చిండు. పాతవి అరిగి రేకు తేలినయ్ మేడం. ఖాళీ బండికైతే నడుస్తయ్. లోడెక్కి దిగుడుకొస్తే పట్టయ్."

"రిషి ఎటు వెళ్లాడు?"

ముసలాయన ఒక్క క్షణం ఇద్దరి మొహాల్లోకి చూశాడు. చెబితే కొడుకు జైలుకి, చెప్పకపోతే ఎక్కడికో అతనికి తెలుసు.

"శ్రీశైలం దిక్కు. అడివిల టేకు మొద్దులు. మిలటరీ బండైతే ఎవడు అడగడని ఎవడో ఆనికి ఎక్కించిండు. నన్నడిగితే కొట్టినంత పని చేసిన. అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. నిన్న మాట్లాడిండు. నాన్నా, రేపు సుత షూటింగ్ ఉన్నది, కడగకు అన్నడు. ఎన్ని దినాలకో మాట్లాడిండని నేను కాదనలే."

బల్ల మీద వైర్‌లెస్ సెట్ గరగరలాడింది. విజయేందర్ గబుక్కున అందుకున్నాడు.

"సార్, శ్రీశైలం రూట్. మీరు చెప్పిన పచ్చ బండి కనవడ్డది. ఫుల్ లోడ్ మీదున్నది, తార్పాలిన్ కప్పిన్రు. ఘాట్ దిగుతున్నది. కింది మలుపు కాడ రెండు లారీలు అడ్డం పెట్టినం, ఇగ తప్పించుకోడు."

విజయేందర్ మొహం వెలిగింది. "శభాష్" అనబోయాడు. హనుమాండ్లు అతని చెయ్యి పట్టుకున్నాడు. యూనిఫాంలో ఉన్న ఆఫీసరు చెయ్యి పట్టుకోవడం ఆ మనిషి బతుకులో అదే మొదలు.

"ఆపొద్దు సార్."

"ఏంది?"

"ఆ లారీలు తియ్యమనున్రి. దారి ఖాళీ చెయ్యమనున్రి. ఆనికి గేర్ల మీద బండి దించుడు నేనే నేర్పిన, ఎట్లనో అట్ల కిందికొస్తడు. ఎదురుంగ లారీ కనవడితే బ్రేక్ తొక్కుతడు సార్. ఆడు బ్రేక్ తొక్కుతడు."

ఒళ్లోంచి జారిన అట్టపెట్టె నేల మీద పడి విచ్చుకుంది. కొత్త లైనర్లు, మచ్చ లేనివి, బెంచీ కింద చెల్లాచెదురయ్యాయి.

విజయేందర్ బటను నొక్కి పట్టుకుని అరిచాడు. "లారీలు తియ్యండి. వెంటనే తియ్యండి. దారి ఇయ్యండి దానికి. ఇనవడుతున్నదా?"

బటను వదిలాడు. ముగ్గురూ ఆ వైర్‌లెస్ సెట్ వైపే చూస్తూ నిలబడ్డారు. అవతలి నుంచి గరగర ఒక్కటే వస్తోంది.